ఒక్కరు 'తిరుగుదాం' అంటే అందరం తిరగాలి

గత వేసవిలో, ఏప్రిల్ నెల చివరి ఆదివారం, తొమ్మిది మందిమి అనంతగిరి కొండల్లో సైకిళ్ల మీద ఉన్నాం. వికారాబాద్ పక్కనుండే ఈ కొండలు హైదరాబాద్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. మూసీ నది పుట్టే చోటు. తెల్లారకముందే డీసీఎంలో సైకిళ్లు వేసుకుని వెళ్లాం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కిందికి దిగిపోవాలని ప్లాన్. కానీ ఒక పంక్చరు, తెగిన చెయిన్, టిఫిన్ దగ్గర ముచ్చట్లు అన్నీ కలిపి రెండు గంటలు పోయాయి. రెండున్నరకి మేమింకా పైకే ఎక్కుతున్నాం.

అప్పుడు మా జూనియర్ ఒకడు, మాతో మొదటిసారి వచ్చినవాడు, "అన్నా, ఉరుము వినబడ్డది. తిరుగుదామా?" అన్నాడు. ఆ రోజు ముందుండి నడిపిస్తున్నది నేనే. "ఏం కాదు తమ్మీ, ఇంకో రెండు కిలోమీటర్లే. పైదాకా పోయి దిగుదాం" అన్నాను. మిగతావాళ్లు ఎవరూ ఏమీ అనలేదు.

ఇరవై నిమిషాల్లో గాలిదుమారం లేచింది. వెంటనే రాళ్లవాన. గుంపు మూడు ముక్కలైంది. మేం నలుగురం పెద్ద చింతచెట్టు కిందికి పరిగెత్తాం. కొంచెం దూరంలో పల్లంలో గొంగడి కప్పుకుని కూర్చున్న గొర్లకాపరి ఒకాయన "చెట్టు కింద నిలవడకుండ్రి బిడ్డా, ఇవుతలికి రాండ్రి!" అని అరుస్తున్నాడు. ఆయన గొర్లను మాకంటే గంట ముందే మళ్లించుకుని కిందికి వచ్చేశాడట.

ఆ జూనియర్ మా ఎవరి దగ్గరా లేడన్న సంగతి మాకు అరగంట దాకా తెలియలేదు. లెక్క పెడితే కదా తెలిసేది! తడిసిన దారిలో ఒక్కడే దిగుతూ జారి పడ్డాడు. కుడి భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. ఆ సెమిస్టర్ పరీక్షలు స్క్రైబ్‌ని పెట్టుకుని రాశాడు. ఇంట్లో 'సైకిల్ స్కిడ్ అయింది' అని మాత్రమే చెప్పాడట. తిరుగుదామని తను ముందే అడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ వేసవి ట్రైనింగ్ రైడ్లు మళ్లీ మొదలవుతున్నాయి. ఫస్టియర్ వాళ్లు కొత్తగా చేరుతున్నారు. అందుకే ఆ రోజు నుంచి నేను చదివి, అడిగి, చేసి తెలుసుకున్నదంతా ఇక్కడ ఒక పాఠంలా రాస్తున్నాను.

పొద్దున ఎండ, సాయంత్రం వాన

"పొద్దున ఆకాశం నీలంగా ఉండె కదా" అని అందరం అంటాం. అసలు చిక్కు అక్కడే. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఉరుముల వానకి ముడిసరుకు ఆ ఎండే. నేల బాగా కాగుతుంది. దాన్ని తాకిన గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ గాలి వస్తుంటే, ఆ తేమ పైకెళ్లి చల్లబడి మబ్బు అవుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది కాబట్టి ఆ మబ్బు ఇంకా పైకి తోసుకుపోతుంది. దూదిపింజలా కనబడినది గంటలోపే 10 కిలోమీటర్లు దాటిన గోపురం అయిపోవచ్చు. అదే క్యుములోనింబస్ మేఘం. అందుకే ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడతాయి.

వాతావరణ శాఖ బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు' అని ఉంటే చాలామంది పట్టించుకోరు. ఆ మాటకి అర్థం ఉంది. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకి మించకుండా వాన పడొచ్చని. ఆ ఒకటి రెండు చోట్లలో మనమెక్కే కొండ ఉందో లేదో పొద్దున ఎవరూ చెప్పలేరు. రాబోయే మూడు గంటలకి ఇచ్చే నౌకాస్ట్ కొంత దగ్గరగా చెబుతుంది. పుణెలోని ఐఐటీఎం తయారు చేయించిన 'దామిని' యాప్ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. రెండూ ఫోన్లో ఉండాల్సిందే. కానీ అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ మన కళ్లు, చెవులే యాప్.

చూడాల్సినవి ఇవి. కాలీఫ్లవర్‌లా పైకి పెరుగుతున్న తెల్ల మబ్బు. దాని అడుగు నల్లబడటం. ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లగాలి కొట్టడం. ఆ చల్లగాలి హాయిగానే ఉంటుంది, కానీ అది మేఘంలోంచి కిందికి దూకి వానకంటే ముందు పరిగెత్తుకొచ్చే గాలి. మట్టివాసన కూడా దాంతోనే వస్తుంది. అప్పటికే ఆలస్యమైందని అర్థం.

మిరుగం వచ్చాక, అంటే జూన్‌లో రుతుపవనాలు దిగాక, సంగతి వేరు. తడుస్తామని తెలిసే వెళతాం, సిద్ధంగానే ఉంటాం. ఎక్కువగా దెబ్బతీసేవి ఎండాకాలపు అకాల వర్షాలే.

ఉరుము లెక్క

మెరుపు వెంటనే కనబడుతుంది. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. మెరుపు చూసిన దగ్గర్నుంచి ఉరుము వినబడేదాకా లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం వస్తుంది. 30 సెకన్లు వస్తే 10 కిలోమీటర్లు.

పది కిలోమీటర్లు చాలా దూరం అనిపిస్తుంది. కాదు. మేఘం గంటకి 30 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తుంటే అది 20 నిమిషాల దూరం. ఆ రోజు మేం ఉన్న చోటు నుంచి తారు రోడ్డుకి దిగడానికే 35 నిమిషాలు పడుతుంది. పైగా పిడుగు మేఘం కిందే పడాలని లేదు. వాన పడుతున్న చోటుకి 10 కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. కాబట్టి సూత్రం సులువే: ఉరుము చెవిన పడిందంటే మనం దాని అందుబాటులో ఉన్నట్టే. ఎక్కడం ఆపాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ బయలుదేరకూడదు.

ఎక్కడికి పోవాలి? గోడలూ కప్పూ ఉన్న పక్కా భవనంలోకి, లేదా అద్దాలు మూసిన బస్సు, కారు, వ్యాన్‌లోకి. వాహనంలో కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న లోహపు ఒళ్లు. ఫిజిక్స్‌లో చదివిన ఫారడే కేజ్ అదే. పశువుల కొట్టం, నాలుగు స్తంభాల బస్టాపు పనికిరావు. చెట్టు అయితే అసలే వద్దు. పిడుగు చెట్టు మీద పడి అక్కడి నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేర్ల వెంట నేలలోకీ పాకుతుంది.

ఏదీ దొరకకపోతే కొండ శిఖరం, ఒంటరి చెట్టు, కరెంటు స్తంభం, ఇనుప కంచె, నీళ్లు, ఈ అన్నింటికీ దూరంగా పల్లానికి దిగాలి. సైకిల్ పక్కన పడేసి దూరం జరగాలి. పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. ఒకరికొకరు కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి, అప్పుడు ఒకరికి దెబ్బ తగిలినా సాయం చేసేవాళ్లు మిగులుతారు. ఇది భద్రత కాదు, ప్రమాదాన్ని కొంచెం తగ్గించుకోవడం మాత్రమే. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నది అపోహ. వెంటనే ముట్టుకోవాలి, 108కి ఫోన్ చేయాలి, ఊపిరి, నాడి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి.

తడి దారి, బ్రేకు లెక్క

అనంతగిరిలో దారులు ఎక్కువగా మొరం దారులు. పొడిగా ఉన్నప్పుడు గులకలు చక్రం కింద దొర్లుతాయి. మొదటి వాన పడగానే పైనున్న సన్నటి దుమ్ము జారుడు పూతలా మారుతుంది. రాలిన ఆకులు దాన్ని కప్పేస్తాయి. కింద పొలాల్లో నల్లరేగడి అయితే ఇంకో కథ. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రాన్నే ఆపేస్తుంది. అక్కడ తొక్కాలని చూస్తే గేర్ల దగ్గర ఏదో ఒకటి విరుగుతుంది. దిగి సైకిల్‌ని భుజాన వేసుకోవడమే మార్గం.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకి 25 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 7 మీటర్లు. సమతలం మీద బ్రేకు వేశాక ఆగే దూరం, వేగం వర్గాన్ని 2μgతో భాగిస్తే వస్తుంది. పొడి దారిలో μ 0.5 అనుకుంటే 5 మీటర్లు. తడి దారిలో సగమై 0.25 అయితే 10 మీటర్లు. బ్రేకు మీద వేలు పడేలోపు పోయే ఒక సెకను, అంటే 7 మీటర్లు, కలిపితే 12కి బదులు 17. దిగుడులో ఇంకా ఎక్కువ. అదే వేగం 18కి తగ్గిస్తే, తడి దారిలో కూడా మొత్తం 10 మీటర్లలో ఆగుతాం. వాన పడ్డప్పుడు మన చేతిలో ఉన్నది μ కాదు, వేగం.

అందుకే తడిలో ముందువాడికీ మనకీ మధ్య మామూలుగా ఉంచే దూరానికి రెట్టింపు ఉంచాలి. మలుపులో కాదు, మలుపుకి ముందే బ్రేకు వేయాలి. రెండు బ్రేకులూ మెల్లగా కలిపి నొక్కాలి. దిగుడు మొదలవకముందే ఒకట్రెండు సార్లు తేలిగ్గా నొక్కి ప్యాడ్ల మీది నీటిని తుడిచేయాలి. రిమ్ బ్రేకులున్న సైకిళ్లకి ఇది మరీ ముఖ్యం. చెట్ల వేర్లని అడ్డంగా, నిటారుగా దాటాలి, వాటి వెంట ఏటవాలుగా పోకూడదు. టైర్లలో గాలి రెండు మూడు పీఎస్ఐ తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకి నలిగి పంక్చరవుతుంది. కల్వర్టు మీద వాగు పొంగుతుంటే దాటొద్దు. మోకాలి లోతు నీళ్లే అనుకుంటాం, ఆ వేగానికి కాళ్లు నిలవవు.

తడిసిన ఒళ్లు

పైకి ఎక్కేటప్పుడు 40 డిగ్రీలు, ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగాలి, ఒక బాటిల్‌లో ఓఆర్ఎస్ కలుపుకోవాలి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలైతే నీడలో ఆగాల్సిందే.

వాన పడ్డాక తంటా మారుతుంది. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఉష్ణోగ్రత 22 డిగ్రీలే అయినా, తడి టీషర్టుతో దిగుడులో గాలి కొడుతుంటే వణుకు పుడుతుంది. వేళ్లు కొయ్యబారితే బ్రేకు నొక్కలేం. తెలంగాణ ఎండాకాలంలో చలి ఏంటని నవ్వకండి, ఆ రోజు మా పళ్లు టకటకలాడాయి. పలుచటి రెయిన్ జాకెట్, ప్లాస్టిక్ కవర్లో కట్టిన ఒక పొడి టీషర్టు, రెండూ కలిపి ముప్పావు కిలో కూడా ఉండవు.

గుంపు ఎలా కదలాలి

పైన రాసినవన్నీ ఆ రోజు మాలో సగం మందికి తెలుసు. ఉరుము లెక్క ఇంటర్‌లోనే చదివాం. మరి ఎందుకు తిరగలేదు? తెలియక కాదు. రెండు గంటలు ఆలస్యమయ్యాం కాబట్టి పై దాకా పోకపోతే రోజంతా వృథా అనిపించింది. సీనియర్ పోదామన్నాడు కాబట్టి మిగతావాళ్లు మాట్లాడలేదు. ఉరుము విన్న ఒక్కడు కొత్తవాడు కాబట్టి, రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాడు. గుంపులో ఉంటే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఒక్కోసారి ఎవరిదీ కాదు, పక్కవాడిని చూసి తెచ్చుకున్నది.

అందుకే ఇప్పుడు మా గుంపుకి నాలుగు నియమాలు పెట్టుకున్నాం.

మొదటిది, తిరిగే టైం. ఎక్కడిదాకా పోతాం అన్నది కాదు, ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం అన్నది బయలుదేరేముందే చెప్పుకోవాలి. ఏప్రిల్, మేలో అది పదకొండు గంటలు. శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా సరే.

రెండోది, తల, తోక. దారి తెలిసినవాడు ముందు, రిపేరు, ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాడు చివర. తోకకంటే వెనక ఎవరూ ఉండకూడదు. దారి చీలే ప్రతిచోటా ఆగి లెక్క పెట్టాలి.

మూడోది, వేగం వెనకవాడిది. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాడికి ఆగిన చోట పూర్తి విశ్రాంతి దొరకాలి. వాడు రాగానే మిగతావాళ్లు బయలుదేరితే, అందరికంటే అలసినవాడికే అందరికంటే తక్కువ విశ్రాంతి దొరుకుతుంది.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరు 'తిరుగుదాం' అన్నా అందరం తిరగాలి. కారణం అడగొద్దు, ఓటింగ్ వద్దు, "ఇంకో రెండు కిలోమీటర్లే" వద్దు. కారణం రోడ్డు మీదికి వచ్చాక మాట్లాడుకోవచ్చు. తర్వాత హాస్టల్లో దాని మీద జోకులు కూడా వేయకూడదు. ఒకసారి నవ్వితే వాడు ఇంకోసారి నోరు తెరవడు.

బయలుదేరేముందు ఐదు నిమిషాలు

• వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే రైడ్ రద్దు. పసుపు ఉంటే దారి చిన్నది చేసుకోండి.
• దారిలో ఆగడానికి పనికొచ్చే పక్కా భవనాలు, బండి ఉండే చోటు మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి.
• తిరిగే టైం, తల, తోక, మొత్తం ఎంతమంది, ఈ నాలుగూ పైకి గట్టిగా చెప్పండి.
• బ్రేకులు, గాలి, చెయిన్ చూసుకోండి. స్పేర్ ట్యూబు, పంపు, జాకెట్, పొడి టీషర్టు, బ్యాండేజీ పెట్టుకోండి.
• ఏ దారిన పోతున్నాం, ఎన్నింటికి వస్తాం అన్నది హాస్టల్లో ఉన్న ఒకరికి చెప్పి వెళ్లండి.

ఎముక అతికాక ఆ జూనియర్ మళ్లీ వస్తాడని నేను అనుకోలేదు. సెప్టెంబర్‌లో వచ్చాడు. సగం దారిలో పడమటి మబ్బు చూసి ఆగాడు. "అన్నా, తిరుగుదాం" అన్నాడు. ఈసారి అడగలేదు, చెప్పాడు. పదకొండు మందిమి సైకిళ్లు తిప్పాం.

ఆ రోజు వాన పడలేదు. సాయంత్రం దాకా ఎండ కాసింది. కింద చాయ్ తాగేటప్పుడు వాడు మా మొహాలు చూస్తున్నాడు. "వచ్చే ఆదివారం మళ్లా వద్దాం తీ" అన్నాను. కప్పులు అక్కడ పెట్టి సైకిళ్లు డీసీఎం ఎక్కించాం.