నేరుగా తీసుకొస్తామంటే వీడియో కాలే అన్నారు

ప్రశ్న: మాది అంబర్‌పేట్. అమ్మకు షుగర్ ఉంది. కాలికి పుండు లేస్తే నారాయణగూడలోని ఒక క్లినిక్‌కు ఫోన్ చేసి, తీసుకొస్తామన్నాం. ‘డాక్టర్ గారు వీడియో కాల్‌లోనే చూస్తారు’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. 500 రూపాయలు కట్టాం. ఆయన కాసేపు మాట్లాడి మందులు రాశారు. పుండు ముదిరింది. వేరే ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. అయితే వీడియోలో చూశారన్న ఒక్క కారణంతో అది నిలబడదు. సాయంత్రం వేళ మీ రోడ్డు ట్రాఫిక్ తెలిసినవాళ్లెవరూ వీడియో కాల్‌ను తప్పుపట్టరు. చట్టమూ పట్టదు. రిపోర్టులు చూపించడానికి, పాత మందులు కొనసాగించడానికి అది చాలు. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు అలా కాదు. నొక్కి చూడాలి, పాదంలో నాడి అందుతోందా, స్పర్శ ఉందా అని పట్టి చూడాలి. ఫోన్‌లో ఇవేవీ కుదరవు.

లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. తర్వాత అవి డాక్టర్ల వృత్తి ప్రవర్తన నిబంధనల్లో చేరాయి. రోగి నేరుగా వస్తానంటున్నా టెలి కన్సల్టేషన్‌కే పట్టుబట్టడం వాటి ప్రకారం దుష్ప్రవర్తన. ఒంటిని పరీక్షించి చూడాల్సిన జబ్బైతే, రమ్మని చెప్పే బాధ్యత కూడా డాక్టర్‌దే. పరీక్షించకుండా ఫోన్‌లో మందులు రాసే అలవాటును, అత్యవసరమైతే తప్ప, మానుకోవాలని సుప్రీంకోర్టు 2009లోనే మార్టిన్ డిసౌజా కేసులో చెప్పింది.

కాబట్టి మీ బలమంతా ఆ వాట్సాప్ మెసేజ్. దాన్ని ఫోన్‌లోంచి తీసేయకండి. ‘అది రిసెప్షన్ వాళ్లు పెట్టింది, నాకేం తెలుసు’ అని డాక్టర్ అనొచ్చు (అంటారు కూడా). కాల్‌లో మీరు ‘తీసుకొస్తాం సార్’ అని ఆయనతోనే అన్నారా? అంటే ఆయన ఏమన్నారు? గుర్తున్నంత వరకు ఇవాళే రాసి పెట్టుకోండి. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి, ఉండి తీరాలి. రికార్డులు ఇవ్వమని క్లినిక్‌కు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి.

తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే డాక్టర్ మీద క్రమశిక్షణ చర్య ఉండొచ్చు, మీకు డబ్బు రాదు. పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక, ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. అంటే హైదరాబాద్‌లోనే. గడువు రెండేళ్లు. దాఖలు ఫీజు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు వైద్యానికి కట్టిన సొమ్మును బట్టి. 5 లక్షల దాకా ఏమీ లేదు.

ఇక కేసు తేలిపోయే చోటు ఒకటుంది. ఆ రోజే నేరుగా చూసి ఉంటే వేళ్లు దక్కేవా? షుగర్ వల్ల ఎలాగూ పోయేవని అవతలి వకీలు వాదిస్తాడు. దీనికి జవాబు మీరూ నేనూ చెప్తే చెల్లదు, వైద్యుడే చెప్పాలి. ఆపరేషన్ చేసిన సర్జన్‌ను డిశ్చార్జ్ సమ్మరీతో పాటు, తన దగ్గరికి వచ్చేసరికి పుండు ఏ స్థితిలో ఉందో వివరంగా రాసివ్వమని అడగండి. వకీలు దగ్గరికి ఆ కాగితంతోనే వెళ్లండి.