పిల్లల గాలానికీ లెక్క ఉంది

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఎనిమిదేళ్ల పాప, పన్నెండేళ్ల బాబు చేపలు పడతామంటున్నారు. వాళ్లకు లైసెన్సు కావాలా? వాళ్ల వంతు చేపలు నేను పట్టొచ్చా?

జవాబు: టెక్సస్‌లో 17 ఏళ్లు నిండనివారికి లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపు పిల్లలదే. పాప అలసిందని గాలం మీరు అందుకుని విసిరితే మీకు లైసెన్సు ఉండాల్సిందే. స్టేట్ పార్కుల్లో ఒడ్డు నుంచి పడితే మాత్రం పెద్దలకూ లైసెన్సు అవసరం లేదు కాబట్టి మొదటిసారి అక్కడికే వెళ్లండి.

లైసెన్సు అక్కర్లేదంటే పరిమితి లేదని కాదు. లార్జ్‌మౌత్ బాస్ చేపలు సాధారణంగా మనిషికి రోజుకు 5 మించకూడదు, ఒక్కొక్కటీ 14 అంగుళాలకు తగ్గకూడదు. మీరు పట్టినవి మీ లెక్కలోకే వస్తాయి, పిల్లల ఖాతాలో వేయడం కుదరదు. ‘చిన్నదని మొదటి చేపను వదిలేయమంటే పిల్లాడు ఏడవడా?’ అనిపించొచ్చు. నిజమే, బాధే. కానీ ఆ కొలత చేప ఎదగడానికి పెట్టింది. పట్టింది పసిచెయ్యి అయినా చెరువుకు జరిగే నష్టం ఒకటే. అందుకే గాలం వేయకముందే టేపు బాబు చేతికిచ్చి, కొలిచే పని వాడికే అప్పగించండి. చిన్నదైతే తడిచేత్తో పట్టుకుని, ఫోటో తీసి, వెంటనే వదిలేయాలి.

కొన్ని సరస్సులకు వేరే నియమాలున్నాయి. ఏ చేపో తేలకపోయినా, అక్కడి నియమాల బోర్డు అర్థంకాకపోయినా, ఉంచుకునే ముందే గేమ్ వార్డెన్‌నో, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖనో అడగండి.