రెండవ నెల పండుగ
(యౌవనస్థులకును, వారి తలిదండ్రులకును పాఠము)

పఠన భాగములు: సంఖ్యాకాండము 9:1–14, నిర్గమకాండము 12:24–27, లూకా 2:41–52.



నేను గుంటూరులో డిగ్రీ మూడవ సంవత్సరము చదువుచున్న విద్యార్థినిని. మాది గురజాల ప్రాంతములోని ఒక పల్లె. నేను హాస్టలులో చేరిన తరువాత మా యింటి క్రిస్మస్ పండుగ మునుపటివలె లేదు. మా యిల్లు మాత్రమే కాదు. పల్నాటిలో బిడ్డలను చదువులకు పంపిన ప్రతి క్రైస్తవ గృహము ఈ మార్పును చూచుచున్నది. పండుగనాడు తలిదండ్రులు ఇద్దరే కూర్చుండి భోజనము చేయు ఇండ్లు మన సంఘములలో పెరుగుచున్నవి. దీనిని గూర్చి దేవుని వాక్యము ఏమి బోధించునో చూతము.

1. మారినది ఏమి?

మా నాయన చిన్నతనమున వెదురు బద్దలతో నక్షత్రము కట్టి, రంగు కాగితము అంటించి ఇంటి ముందు వ్రేలాడదీసెడివారట. మా కాలమునకు అంగడిలో కొన్న కరెంటు నక్షత్రము వచ్చెను. దానివలన ఎవరికిని దుఃఖము కలుగలేదు. వస్తువు మారినను, దానిని కట్టువారు ఇంట నుండిరి. ఇప్పుడు కట్టవలసినవారే ఇంట లేరు.

అరిసెల సంగతి చూడుడు. అరిసె ఒక్కరి చేతి వంట కాదు. తడిబియ్యము దంచి పిండి చేయవలెను; బెల్లపు పాకము సరియైన సమయమున దింపవలెను; ఒకరు పిండి కలుపుచుండగా ఒకరు తట్టవలెను, ఒకరు నూనెలో వేయవలెను, ఒకరు చెక్కలతో నూనె వత్తవలెను. కుమార్తెలు ఊరిలో లేని తల్లి ఆ పని ఒంటిగా చేయజాలదు. కావున కొట్టునుండి అర కిలో తెప్పించును. రాత్రివేళ ఇల్లిల్లు తిరిగి పాడు పాటల గుంపు కూడ అట్లే చిన్నదైనది. పాడు వయస్సువారు పట్టణములలో నున్నారు.

అట్లని చదువుకొను బిడ్డలు పండుగను మరచిరని తలంపరాదు. హాస్టళ్లలో డిసెంబరు మధ్యలోనే సెమీ క్రిస్మస్ జరుగుచున్నది. మా గదిలోని హిందూ స్నేహితురాండ్రును, ముస్లిం స్నేహితురాలును కుర్చీలు సర్ది, మాతో కూర్చుండి పాటలు విందురు. అది మంచిదే. అయితే మిషను పాఠశాలలకు క్రిస్మస్ వేళ కొన్ని దినములు సెలవులుండగా, చాలా కళాశాలలకు 25వ తేదీ ఒక్కటే సెలవు. కొన్ని యేండ్లలో పరీక్షలును ఆ దినముల చుట్టే పడును. హైదరాబాదులో ఉద్యోగము చేయు మా అన్నకు ఆ వారమున సెలవు దొరకదు. ఇంటివద్ద అమ్మ, నాయన పత్తి తీతలో నుందురు. ఈ విధముగా ఎవరి తప్పును లేకయే ఒక కుటుంబము మూడు చోట్ల పండుగ చేయుచున్నది.

2. మన ఆచారములు మునుపును మారినవి

పెద్దలు, మన కాలములో ఇట్లు లేదు అందురు. నిజమే. అయితే మన ఆచారముల వయస్సు కూడ ఎరుగుట మేలు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చినది 1842లో. ఆయన పల్నాటిలోని గురజాలకు వచ్చినది 1849లో. మన సీమలో ప్రొటెస్టెంటు సంఘముల పండుగ ఆచారములన్నియు దాదాపు ఆ తరువాత ఏర్పడినవే. 1885లో గుంటూరులో మిషను కళాశాల పుట్టెను. అదియే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. 1950లో నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కళాశాల వచ్చెను. 1955లో నాగార్జునసాగరు ఆనకట్టకు పునాది వేయబడెను. 1967లో కాలువలకు నీరు వదలబడెను. ఆ నీటితో పంటలు మారినవి. పంటలతో పనికాలములు మారినవి. పనికాలములతో ఇంటి పండుగల తీరు మారినది.

తేదీ సంగతియు అంతే. ప్రభువు జన్మించిన దినము ఇదియని సువార్తలు చెప్పుట లేదు. డిసెంబరు 25ను పేర్కొను రోమా పట్టిక ఒకటి క్రీ.శ. 354 నాటిది. అర్మేనియా దేశపు ప్రాచీన సంఘము నేటికిని ప్రభువు జననమును జనవరి 6న ఆచరించుచున్నది. వారును మనమును స్తుతించునది ఒక్క ప్రభువునే.

కాబట్టి, మార్పు వచ్చినదని కలత చెందుట చాలదు. ఏది మారవచ్చును, ఏది మారరాదు అని విచారింపవలెను.

3. దూరప్రయాణములో నున్నవానికి దేవుని ఏర్పాటు

ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన రెండవ సంవత్సరము, సీనాయి అరణ్యములో, మొదటి నెల పదునాలుగవ దినమున పస్కాను ఆచరించిరి. అయితే కొందరు శవమును ముట్టినందున అపవిత్రులై పండుగలో చేరలేకపోయిరి. వారు మోషే అహరోనుల యొద్దకు వచ్చి, తాము ఎందుకు ఆటంకపరచబడవలెనని అడిగిరి. ఈ భాగములో నాలుగు సంగతులు గమనింపుడు.

మొదటిది, వారు పండుగ తప్పినందుకు దుఃఖపడిరి. ఈసారికి పోనిమ్మని ఊరకుండలేదు.

రెండవది, మోషే వారిని గద్దింపలేదు. తన సొంత బుద్ధితో సెలవిచ్చి పంపివేయను లేదు. కొంచెము నిలువుడని చెప్పి, దేవుని యొద్ద విచారించెను. బిడ్డ ఫోను చేసి, నేను రాలేనమ్మా అన్నప్పుడు కోపముతోను కన్నీటితోను మాటలు తొందరపడును. మోషేవలె కొంచెము నిలిచి ఆలోచించు తలిదండ్రులు ధన్యులు.

మూడవది మిక్కిలి ఆదరణ గలది. అడిగినవారు శవమును ముట్టినవారే, ప్రయాణికులు కారు. అయినను దేవుడు ఉత్తరమిచ్చినప్పుడు, దూరప్రయాణములో నున్నవానిని కూడ తానే జ్ఞాపకము చేసికొనెను. అట్టివారు రెండవ నెల పదునాలుగవ దినమున పస్కాను ఆచరింపవలెనని ఆజ్ఞాపించెను. ఎవరును అడుగకమునుపే దూరమున నున్న బిడ్డను తలంచిన దేవుడు మన దేవుడు.

నాలుగవది, తేదీ మారినను పండుగ తగ్గలేదు. అవే పులియని రొట్టెలు, అవే చేదు కూరలు, ఎముక విరువరాదను అదే నియమము. మరియు 13వ వచనము కఠినమైన మాట చెప్పుచున్నది: ప్రయాణములో లేక, అపవిత్రుడును కాక, ఊరకనే పస్కాను మానినవాడు జనులలోనుండి కొట్టివేయబడవలెను. రాలేనివానికి ఒక నెల గడువు కలదు. రాగలిగియు రానివానికి గడువు లేదు. విద్యార్థులమైన మనము ఇచ్చట మనలను పరీక్షించుకొనవలెను. మరునాడు పరీక్ష యున్నవాడు దూరప్రయాణములో నున్నవాడే. సెలవుండియు, బస్సు ఛార్జీయుండియు, పట్టణపు వేడుక విడువలేక నిలిచినవాడు ఆ లెక్కలో చేరడు.

4. మారరానిది ఏమి?

నిర్గమకాండము 12వ అధ్యాయములో పండుగ నియమములు చెప్పిన తరువాత, మోషే ఒక సంగతి కలిపెను. పిల్లలు ఈ ఆచారమునకు అర్థమేమని అడుగుదురు; అప్పుడు పెద్దలు ఐగుప్తులో దేవుడు తమ ఇండ్లను కాపాడిన విధమును చెప్పవలెను. పిల్లవాడు అడుగును, పెద్దవాడు చెప్పును. ఈ రెండు నోళ్లలో ఏది లేకపోయినను పండుగ మూగదగును.

మా ముత్తాత మిషను బోర్డింగులో అక్షరములు నేర్చి, పగలు కూలిపని చేసి, రాత్రి లాంతరు వెలుగున వాడలోనివారికి సువార్త చదివి వినిపించెనట. ఇది మా నాయనమ్మ యేటేటా క్రిస్మస్ రాత్రి చెప్పెడు మాట. ఏ పుస్తకములోను వ్రాయబడలేదు. వీడియో కాలులో నాయనమ్మ ముఖము కనబడును గాని, ఆమె వినికిడికి అది అందదు. రెండు నిమిషములలో, బాగున్నావా తల్లీ అని ముగించును. అరిసెలు కొట్టులో దొరకును. నక్షత్రము కొట్టులో దొరకును. ఈ మాట దొరకదు. అడుగువారు లేకపోయినయెడల అది ఆమెతోనే మట్టిలో కలియును. ప్రతి క్రైస్తవ గృహములో ఇట్టి సాక్ష్యము ఒకటి గలదు.

5. విద్యార్థియైన యేసు

లూకా 2వ అధ్యాయములో ప్రభువు పండ్రెండేండ్లవాడై పండుగకు యెరూషలేమునకు వెళ్లెను. తలిదండ్రులు ఒక దినపు ప్రయాణము సాగి, బంధువుల మధ్య వెదకి, కానక తిరిగి వచ్చిరి. మూడు దినములైన తరువాత ఆయన దేవాలయములో బోధకుల నడుమ వినుచు, ప్రశ్నలడుగుచు కనబడెను. తండ్రి పనిమీద నుండుట ఆయనకు అవసరము. వెదకి వేసారిన తల్లి ప్రశ్నయు న్యాయమైనదే. ఆయన మాట తలిదండ్రులు వెంటనే గ్రహింపలేకపోయిరని లూకా దాచక వ్రాసెను. అయినను ప్రభువు వారితో కూడ నజరేతను ఆ చిన్న ఊరికి దిగివచ్చి, వారికి లోబడియుండెను. ఆయన జ్ఞానమందు వర్ధిల్లెనని మనము చదువునది ఆ తరువాతనే. కనుక చదువు ఇంటికి శత్రువు కాదు. ఇల్లు చదువునకు ఆటంకము కాదు.

6. మనము చేయదగినది

గడచిన జనవరిలో, సంక్రాంతి సెలవులలో మేమందరము ఇల్లు చేరితిమి. అమ్మ ఒక సాయంకాలము ఏర్పరచెను. అరిసెలు అందరము కలిసి వండితిమి. నాయన లూకా రెండవ అధ్యాయము చదివెను. మా చెల్లెలు నాయనమ్మ చెవి దగ్గర కూర్చుండి ముత్తాతను గూర్చి అడిగెను. నాయనమ్మ చెప్పెను, అన్న దానిని నోటుబుక్కులో వ్రాసికొనెను.

సంఘపెద్ద ఒకరు, సంక్రాంతి సెలవులలో క్రిస్మస్ ఏమిటి అని అడిగిరి. అది తగిన ప్రశ్నయే. సంఘారాధన డిసెంబరు 25ననే జరుగవలెను. దానిని కదల్చుట ఈ పాఠపు ఉద్దేశము కాదు. మేము వాడుకొన్నది సెలవును మాత్రమే. కోత పండుగను పంట చేతికి వచ్చిన కాలమునుబట్టి జరుపుకొనుట మనకు తెలిసినదే. బిడ్డలు చేతికి వచ్చిన కాలమున ఇంటి పండుగను రెండవమారు జరుపుట అట్టిదే.

కావున ప్రతి కుటుంబము బిడ్డలు వచ్చు దినమును ముందుగా నిర్ణయించుకొనవలెను. ఆ దినమున మూడు పనులు తప్పరాదు: వాక్యము చదువుట, పిల్లలు అడుగుట, పెద్దలు చెప్పుట. డిసెంబరు 25న బిడ్డలు లేని ఇండ్లలోని పెద్దలను తోటి విశ్వాసులు తమ పంక్తికి పిలువవలెను. పట్టణములో నిలిచిపోయిన విద్యార్థులు దగ్గరనున్న దేవాలయములో ఆరాధనకు చేరి, ఆ దినముననే ఇంటికి ఫోను చేయవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ యింటి పండుగ ఆచారములలో మారవచ్చునవి ఏవి? మారరానివి ఏవి?
2. సంఖ్యాకాండము 9:13 ప్రకారము, నీవు రాలేనివాడవా, రానివాడవా?
3. మీ కుటుంబమునకు సువార్త ఎవరిద్వారా వచ్చెను? మీ పిల్లలకు అది తెలియునా?

ప్రార్థనాంశము: చదువులకును ఉద్యోగములకును దూరమున నున్న మన బిడ్డల కొరకును, పండుగనాడు ఒంటరిగా నుండు పెద్దల కొరకును ప్రార్థింతము.