దూరదర్శిని దర్పణమును మెరుగుపెట్టు విధము

నక్షత్రపరిశోధనకు వాడు పెద్ద దూరదర్శినులలో వెలుగును ఒకచోట కూర్చునది పుటాకార దర్పణము. గాజుబిళ్ల అట్టి దర్పణమగు విధమును మేమిచ్చట సంగ్రహముగా వివరించెదము.

సమానమైన రెండు దళసరి గాజుబిళ్లల నడుమ కార్బోరండము పొడియు నీరును వేసి, పైబిళ్లను ముందునకు వెనుకకు త్రోయుచు, మధ్యమధ్య త్రిప్పుచుండవలయును. పైబిళ్ల నడుమ అరిగి పల్లమగును, క్రిందిది ఉబ్బెత్తగును. పిమ్మట క్రమముగా సన్నని పొడులను వాడుదురు. 6 అంగుళముల వెడల్పును, 48 అంగుళముల నాభ్యంతరమును గల దర్పణమునకు నడిమి లోతు సుమారు 1.2 మిల్లీమీటర్లు మాత్రమే.

అప్పటికిని గాజు మసకగానే యుండును. దానికి మెరుగుపెట్టు పలకను ల్యాపు అందురు. క్రిందిబిళ్లపై నల్లని కీలు కరగించి పోసి, దర్పణముతో నొత్తి, గళ్లుగళ్లుగా చాళ్లు తీయుదురు. పడవల సందులకు పూయు కీలు మన గోదావరి తీరవాసులకు క్రొత్త గాదు. ఇదియు ఆ జాతిదే. కొట్టినచో పగులును, మెల్లగా నొత్తినచో సాగును. కావున గాజు వంపునకు తాను లొంగి, మెరుగుపొడి రేణువులను తనలో నిముడ్చుకొని, గాజును గీయక నునుపుచేయును. న్యూటను 17వ శతాబ్దమున తన లోహదర్పణమునకు కీలుతోనే మెరుగుపెట్టెను.

నునుపుతో పని తీరదు. గోళాకారపు వంపును పరవలయాకారమునకు తేవలయును. ఇందులకై పలకను నక్షత్రాకారముగా కోయుటయు, ఎత్తైన చోట్ల చిన్న పలకలతో రుద్దుటయు కలదు. మంచి దర్పణమున దోషము సుమారు 70 నానోమీటర్లకు, అనగా వెండ్రుక మందములో వెయ్యవవంతునకు, మించరాదు. తీసిన గాజును మరల అతికింప వీలులేదు. కావున కొంచెము రుద్ది, గాజు చల్లారువరకు ఆగి, పరీక్షింపవలయును. దర్పణమునుండి మరలివచ్చు వెలుగునకు కత్తి అంచును అడ్డుపెట్టి, నీడలనుబట్టి ఎత్తుపల్లములను గుర్తించు పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు ఫూకో 1858లో కనిపెట్టెను.

పరీక్షయే తప్పైనచో నేర్పు నిష్ఫలము. 1990లో ఆకాశమునకు పంపబడిన హబుల్ దూరదర్శిని యొక్క 2.4 మీటర్ల దర్పణము మిగుల నునుపైనదే. కాని పరీక్షాయంత్రమున ఒక కటకము 1.3 మిల్లీమీటర్లు తప్పి యుండుటచే, దర్పణపు అంచు 2 మైక్రాన్లు ఎక్కువగా అరిగెను. 1993లో వ్యోమగాములు వెళ్లి సవరణ పరికరముల నమర్చువరకు చిత్రములు మసకగానే వచ్చెను.

మన దేశమునను ఇట్టి మహత్కార్యము జరిగినది. హైదరాబాదు నిజామియా వేధశాలలో తండ్రి ఉద్యోగము చేయుచుండగా పెరిగిన వేణు బాప్పుగారు 2.34 మీటర్ల దూరదర్శినిని సంకల్పించిరి. దాని దర్పణమును బెంగుళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థవారే అరగదీసి మెరుగుపెట్టిరి. బాప్పుగారు 1982లో కాలధర్మము నొందిరి. తమిళనాటి కావలూరులో ఆ దూరదర్శిని 1986 జనవరి 6న ప్రారంభింపబడి ఆయన పేరనే వెలసినది.

విద్యార్థులారా, ఈ పనిలో బలముకంటె ఓర్పు ముఖ్యము. ఓర్పుకంటెను సరియైన పరీక్ష ముఖ్యము. చేసినదానిని తూచిచూచుకొనక ముందునకు సాగువాడు ఎంత శ్రమించినను తన తప్పునే నునుపుచేయుచుండును.