కాలం, నీరు: ఐస్‌లాండ్ స్వరరచన

'తీమిన్ ఓగ్ వాత్నిద్' అంటే ఐస్‌లాండిక్‌లో 'కాలం, నీరు'. స్వరకర్త: అత్లి హేమిర్ స్వేన్సన్ (1938–2019), జన్మస్థలం రెక్యావిక్. ఏకగాయకులు, బృందగానం, వాద్యబృందం కలిసిన రచన ఇది. మూలం: స్టేన్ స్టేనార్ (1908–1958) కవితామాలిక, తొలి ముద్రణ 1948, తుది రూపంలో కవితలు 21.

పరీక్షలో బిట్ ఇక్కడే పడొచ్చు: కవి స్టేనార్, స్వరకర్త స్వేన్సన్. పేర్లు దగ్గరగా ఉంటాయి, తారుమారు చేయకండి. స్వేన్సన్‌కు 1976లో నార్డిక్ కౌన్సిల్ సంగీత బహుమతి వచ్చింది ఫ్లూట్ కన్సర్టోకు. 'కాలం, నీరు'కు కాదు.

ఇలాంటి పేరుతోనే మరొకటి: 'ఆన్ టైమ్ అండ్ వాటర్' (2019). రచయిత ఆండ్రి స్నేర్ మాగ్నసన్. ఇది వాతావరణ మార్పుపై వచనం. కరెంట్ అఫైర్స్‌కు ఇదే ముఖ్యం. ఐస్‌లాండ్‌లో కరిగిపోయిన 'ఓక్' హిమానీనదం వద్ద 2019 ఆగస్టు 18న పెట్టిన రాగి రంగు ఫలకంపై వాక్యాలు ఆయనవే. చివర 415 పీపీఎం అని చెక్కారు. అది అప్పట్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ గాఢత.

ఒక్క మాట గుర్తుంచుకోండి: 'వాత్న్' అంటే నీరు, 'యోకుల్' అంటే హిమానీనదం. ఐస్‌లాండ్‌లో అతిపెద్ద హిమానీనదం వాత్నయోకుల్ పేరు ఇక మరచిపోరు. ప్రపంచ హిమానీనద దినోత్సవం మార్చి 21, తొలిసారి 2025లో.