చెరిగిపోయిన లాప్‌టాప్‌లో మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, పాఠ్యపుస్తకంలో లేని పాఠం ఒకటి రాయాలనుకున్నాను. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. మీరు నష్టపోకుండా నేర్చుకోవాలని నా కోరిక.

మాది మద్నూర్ మండలంలో పత్తి వేసే చిన్న కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో చేరినప్పుడు బాపు పత్తి అమ్మిన పైసలతో ఒక పాత లాప్‌టాప్ కొనిచ్చాడు. ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్లు పరీక్షించి, ఆ రీడింగులన్నీ అందులోనే ఎక్కించుకున్నాను. లాప్‌టాప్ మెల్లగా నడుస్తోందని ఒకరాత్రి కొత్త సిస్టమ్ వేయబోయాను. డిస్కు మొత్తం చెరిపేయాలా అని తెరమీద ఇంగ్లీషులో అడిగింది. సరిగా చదవకుండానే ‘ఎస్’ నొక్కాను. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ పాతది, ఐదు నిమిషాలు కూడా ఆగలేదు. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర, దానిమీద ‘నో బూటబుల్ డివైస్’ అన్న ఒక్క వాక్యం.

“ఏమైంది బిడ్డా, ఖరాబైందా?” అని బాపు ఫోనులో అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే?

హాస్టల్‌కు వార్డెన్ సార్ ఎలాగో, కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ అలాంటిది. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ఎవరి వంతు ముందు, ఏ ఫైలు ఎక్కడుంది అన్నవన్నీ అదే చూస్తుంది. విండోస్, లినక్స్ అలాంటివే. డిస్కు చెరిగితే పోయేది ఈ సిస్టమ్, దానితోపాటు మన ఫైళ్లు. యంత్రం మాత్రం పాడవదు. ఆన్ చేయగానే మొదట పనిచేసే చిన్న ప్రోగ్రాము (బయాస్ అంటారు) డిస్కులో ఉండదు, బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. అందుకే ఖాళీ డిస్కు ఉన్న లాప్‌టాప్ కూడా పెన్‌డ్రైవ్‌తో లేస్తుంది.

ఏ సిస్టమ్ వేసుకోవాలి?

విండోస్ 8 లేదా ఆ తర్వాతి విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లలో లైసెన్సు నంబరు సాధారణంగా బోర్డులోనే దాచి ఉంటుంది. అదే రకం విండోస్ మళ్లీ వేసి ఇంటర్నెట్ కలిపితే దానంతటదే చెల్లుబాటవుతుంది. అలాంటప్పుడు దొంగ కాపీ అవసరం లేదు. అయితే విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత లాప్‌టాప్‌లకు సరిపడదు.

పాత యంత్రాలకు లినక్స్ మంచి దారి. ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో దీన్ని మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు, పదిమందికి పంచుకున్నా తప్పు లేదు. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ 2005లోనే తెలుగులో లినక్స్ తెచ్చింది. నేను వేసుకున్నది లినక్స్ మింట్. దానికి కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు కావాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది.

పద్ధతి

1. స్నేహితుని కంప్యూటర్‌లోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో లినక్స్ మింట్ సొంత వెబ్‌సైటు నుంచే ఐ.ఎస్.ఓ. ఫైలు దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది.

2. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. ఫైలును ఊరికే కాపీ చేస్తే పనిచేయదు. ‘రూఫస్’ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఎక్కించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, జాగ్రత్త.

3. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టండి. పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలలో ఎక్కువగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

4. మింట్ డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. వైఫై, కీబోర్డు, సౌండు పనిచేస్తున్నాయా చూడండి. విండోస్ లేవని లాప్‌టాప్‌లో కూడా డిస్కు బాగుంటే, తాళం వేసి లేకపోతే, ఇక్కడినుంచే పాత ఫైళ్లను ఇంకో పెన్‌డ్రైవ్‌కు తీసుకోవచ్చు.

5. తర్వాత ‘ఇన్‌స్టాల్’ నొక్కండి. భాష, కీబోర్డు అడుగుతుంది. ‘ఎరేజ్ డిస్క్’ అన్న మాట రాగానే చేయి తీసేయండి. ఏ డిస్కు, దాని సైజెంత, అందులో కావలసినవి ఏమైనా ఉన్నాయా అని చూశాకే ముందుకు వెళ్లండి.

6. పేరు, పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. పని ముగిశాక పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్లు వేసి, భాషల సెట్టింగులలో తెలుగు చేర్చుకోండి.

పోయిన ఫైళ్లు వస్తాయా?

పాతరకం హార్డ్‌డిస్కులో చెరిగిన ఫైళ్లు, వాటిమీద కొత్తవి పడేవరకు కొంత మిగిలే ఉంటాయి. కాబట్టి పొరపాటు జరిగితే ముందు ఆ డిస్కు వాడటం ఆపండి, కొత్త సిస్టమ్ వేయకండి. ‘ఫోటోరెక్’ అనే ఉచిత ప్రోగ్రాముతో వెతికి, దొరికినవి వేరే డిస్కులో దాచాలి. ఎస్.ఎస్.డి.లో అయితే దొరకడం చాలా కష్టం. నాకు కొన్ని ఫోటోలు దొరికాయి. రీడింగుల ఫైలు దొరకలేదు.

ముప్పావు గంటలో లాప్‌టాప్ మళ్లీ నడిచింది. కానీ నోటుపుస్తకంలో సగం రీడింగులే ఉన్నాయి. మిగతా సగం కోసం ఎండలో మళ్లీ బోర్ల చుట్టూ తిరిగాను. ప్రాజెక్టు నెల ఆలస్యమైంది.

తమ్ముళ్లూ, మన ఇళ్లలో కంప్యూటర్ గురించి చెప్పేవాళ్లు లేరు. అది మన తప్పు కాదు. అందుకని యంత్రాన్ని ముట్టుకోవడానికి భయపడవద్దు, సిస్టమ్ ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. భయపడవలసింది ఒక్కదానికే: మన కష్టం ఒక్కచోటే ఉండటానికి. మార్కుల మెమోలు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు, ఇంటివాళ్ల ఫోటోలు ఈరోజే ఒక పెన్‌డ్రైవ్‌లోకి, ఒక ఈమెయిల్‌లోకి ఎక్కించండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఎవరినైనా అడగండి. అడిగితే పరువు పోదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ అన్న,
హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం