పెన్సిలు గీతలోని వింత

మనము నిత్యము వ్రాయు పెన్సిలులోని నల్లని పుల్లను లెడ్డు అందురు. ఆంగ్లమున ఆ మాటకు సీసమని యర్థము. కాని యందు సీసము లేశమైనను లేదు. అది గ్రాఫైటు, కర్బనము యొక్క ఒక రూపము. వజ్రమును కర్బనమే. పరమాణువుల అమరికయే ఈ రెంటికిని గల భేదమునకు కారణము.

గ్రాఫైటులో కర్బన పరమాణువులు పొరలు పొరలుగా నుండును. ఒక్కొక్క పొర తేనెపట్టువలె ఆరు మూలల గదులతో నిండియుండును. ప్రతి మూలను ఒక పరమాణువు కలదు. పొరలోని పరమాణువులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనియుండును. పొరకును పొరకును నడుమ పట్టు మాత్రము స్వల్పము. అందుచేతనే కాగితముపై రాచినంతనే పొరలు జారి గీతగా నిలుచును. ఒక మిల్లీమీటరు మందములో నట్టి పొరలు సుమారు 30 లక్షలు. వానిలో ఒక్క పొరకు గ్రాఫీను అని పేరు.

ఆ ఒక్క పొరను విడదీయుట సాధ్యమా? 1930 దశకమున లాండౌ, పైర్ల్సు అను శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, ఒక్క పరమాణువు మందముగల స్ఫటికము వేడిమివలని కదలికకు నిలువజాలదనిరి. 1947లో కెనడా శాస్త్రజ్ఞుడగు వాలెస్, గ్రాఫైటు గుణములను వివరించుటకు తొలిమెట్టుగా, ఒక్క పొరలో ఎలక్ట్రానులు ఎట్లు మెలగునో గణించెను. అట్టి పొర చేతికి చిక్కునని మాత్రము చాలమంది తలపలేదు.

ప్రయోగశాలలలో గ్రాఫైటు ముఖమును శుభ్రపరచుటకు జిగురు టేపు నంటించి ఊడదీసి, ఆ టేపును పారవేయుట వాడుక. ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ అను వారు ఆ టేపునే పరీక్షించిరి. దానికంటిన రేకును మరల మరల మడిచి విడదీయగా, అది పలుచనై పలుచనై తుద కొక్క పొర మిగిలెను. 2004లో ఈ వార్త లోకమునకు తెలిసెను.

ఇక ఎలక్ట్రానుల మాట. కర్బన పరమాణువున 6 ఎలక్ట్రానులు కలవు. రెండు లోపలనే యుండును. మూడు ఇరుగుపొరుగు పరమాణువులను బంధించును. మిగిలిన ఒక్కటి ఏ పరమాణువునకును కట్టువడక పొరయంతట తిరుగును. దాని నడకయే వింత.

బండికి శక్తి హెచ్చినకొలది వేగము హెచ్చును. వెలుగు అట్లు కాదు. ఎఱ్ఱని వెలుగుకంటె ఊదావెలుగునకు శక్తి యెక్కువ. శూన్యమున వేగము మాత్రము రెంటికిని ఒక్కటే. వెలుగునకు ద్రవ్యరాశి లేకుండుటయే దీనికి కారణము. గ్రాఫీనులోని ఎలక్ట్రానును వెలుగువలెనే మెలగును. శక్తి హెచ్చినను తగ్గినను దాని వేగము సెకనుకు సుమారు 10 లక్షల మీటర్లు. ఇది వెలుగు వేగములో దాదాపు 300వ వంతు. ఎలక్ట్రాను తన ద్రవ్యరాశిని నిజముగా పోగొట్టుకొనినదా? లేదు. తేనెపట్టువంటి అమరికయే దాని నడకను అట్లు దిద్దుచున్నది. 2005లో మాంచెస్టరు వారును, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఫిలిప్ కిమ్ బృందమును దీనిని ప్రయోగముచే నిరూపించిరి. వాలెస్ గణితము సత్యమయ్యెను. గైమ్, నోవోసెలోవ్‌లకు 2010లో నోబెల్ బహుమాన మొసగబడెను.

అయితే ఈ గుణమువలన ఒక చిక్కును కలదు. కంప్యూటరులోని ట్రాన్సిస్టరు విద్యుత్తును పంపుటయే గాక, వలసినపుడు ఆపవలెను. గ్రాఫీనులో ప్రవాహమును పూర్తిగా ఆపుట కష్టము. కావున సిలికాను స్థానమును అది గ్రహింపలేదు. 2018లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు రెండు పొరలను ఒకదానిపై నొకటి యుంచి, సుమారు 1.1 డిగ్రీ మెలిపెట్టిరి. అప్పుడు ఎలక్ట్రానుల పరుగు మందగించెను. మిక్కిలి చల్లబరచి, ఎలక్ట్రానుల సంఖ్యను సరిచేయగా, విద్యుత్తు నిరోధమే లేక ప్రవహించెను.

మరి పెద్దల లెక్క తప్పా? కాదు. క్రింది పలక యిచ్చు ఊతచేతను, తనలోని చిరుముడుతలచేతను ఆ పొర నిలిచినది. లెక్కకు రాని ఊతలు ప్రకృతిలో నుండెను. అవి బయటపడుటకు ఎవరో ఒకరు టేపును పారవేయక చూడవలసివచ్చెను.

ప్రశ్నలు

1. పెన్సిలుతో గీత యేల పడును?
2. గ్రాఫీనులోని ఎలక్ట్రానును వెలుగుతో నేల పోల్చిరి?
3. గ్రాఫీను సిలికాను స్థానమును గ్రహింపకపోవుటకు కారణమేమి?